రేవులో నిలబడాల్సిన గొంతు

సువాల్ రేవు, గిమరాస్ దీవి
జూలై 3

ఇలోయిలోలో ఉన్న ఇంజనీర్ ప్రిమోకి,

రేవులో కాఫీ అమ్మే విసితాసియోన్ రాస్తున్నది. మా పడవల సంఘం కంప్యూటరు పాడైతే బాగుచేసేది నువ్వేనని సంఘం పెద్ద కపితాన్ ఉర్బానో చెప్పి, నీ చిరునామా సిగరెట్టు పెట్టె మీద రాసిచ్చాడు. నిన్ను తోతో అనే పిలుస్తాను. నువ్వు ఇంజనీరువే, కాదనను. కానీ నా కొడుకు ఈడు వాళ్లందరూ నాకు తోతోలే. నేను నాలుగో తరగతి దాకా చదివాను. తప్పులుంటే దిద్దుకుని చదువు, తిప్పి పంపకు.

నా కొడుకు పేరు జున్రే. సంఘం ఆఫీసులో పనిచేసేవాడు. పడవల్ని పిలిచే ప్రోగ్రాం రాసింది వాడే. ఒకటో నంబరు పడవ వాళ్లు రండి, పిల్లల చేతులు వదలకండి అని మైకులో వినిపించే గొంతు కూడా వాడిదే. జూన్ పదిహేనున దోమల జ్వరంతో పోయాడు. ఐదు రోజుల జ్వరం. ఇరవై ఆరేళ్లు. దాని గురించి ఇంతకన్నా రాయను, కాగితం పాడవుతుంది.

వాడు పోయాక రెండు వారాలు మైకు మూగబోయింది. జనం కూర్చున్న చోటే కూర్చుని పడవలు తప్పిపోయారు. అప్పుడు కపితాన్ ఏదో చేసి, కరెంటు రాగానే ప్రోగ్రాం దానంతట అదే లేచేటట్టు పెట్టాడు. మొన్న పొద్దున మొదటి పడవ వేళకి నేను కాఫీ పోస్తున్నాను. మైకులో నా కొడుకు, "నానయ్, కాఫీ ఉందా?" అన్నాడు.

కెటిల్ జారవిడవలేదు. వస్తువులు జారవిడిచే మనిషిని కాను. కానీ కప్పు నిండి పొర్లి, ఎదురుగా ఉన్న పెద్దమనిషి కాలి మీద పడింది. అంతలో మైకులో నా గొంతు, "కాళ్లు లేవా? వచ్చి పోసుకో" అంది. పడవ ఎక్కాల్సిన జనమంతా లేచి నా దుకాణానికి వచ్చారు. పిలిచాక రాకపోతే ఎలా? పడవ ఖాళీగా పోయింది.

రెండో పడవకి కోడి కూసింది, దాన్ని ఎవరైనా పట్టుకోండని వాడు బతిమాలాడు. మూడో పడవకి మళ్లీ నేను, చేప తల ముట్టుకోకు, అది మీ పాసింగ్ తియాది అని అరిచాను. మా చెల్లెలు పాసింగ్ సిగ్గుతో ఆ రోజు నుంచి రేవుకి రావడం లేదు. ఇవన్నీ వాడు మైకు కొన్న కొత్తలో మా వంటింట్లో కూర్చుని పరీక్షకి పట్టిన మాటలు. వాటిని దాచుకున్నాడని నాకు తెలియదు.

జూలై ఇరవై ఏడున సంఘం మీటింగు. ఆలోగా ఇది సరిగా పిలవకపోతే దీన్ని తీసేసి, మనీలా నుంచి ఆడమనిషి గొంతు ఉన్న పెట్టె తెప్పిస్తామని కపితాన్ అంటున్నాడు. మనిషి పోయాడు, దానికి ఎవరూ ఏమీ చేయలేరు. గొంతు పోకూడదు. అది నీ పని.

ఇట్లు,
విసితాసియోన్ గాల్వే

తా.క. మైకులో నా గొంతు అంత గట్టిగా ఉందేమిటి, నిజంగా నేను అలా మాట్లాడతానా అని పాసింగ్‌ని అడిగాను. "లేదు మానాంగ్, మైకు కొంచెం తగ్గించి వినిపిస్తోంది" అంది.


ఇలోయిలో
జూలై 7

గౌరవనీయులైన విసితాసియోన్ నానయ్‌కి,

మీ ఉత్తరం మూడో పడవ మీద చేరింది. జున్రే పోయాడని తెలియదు. ఒకసారి మా దుకాణానికి వైరు కోసం వచ్చి గంటసేపు తన ప్రోగ్రాం గురించే మాట్లాడి, వైరు మరచిపోయి వెళ్లాడు. మంచివాడు. చాలా బాధగా ఉంది.

మైకు సంగతికి మాత్రం మీరు దిగులు పడకండి. ఇది పది నిమిషాల పని. కంప్యూటర్లో నడిచే ప్రతి ప్రోగ్రామూ ఎప్పుడూ ఏదో ఒక ఫోల్డరులో నిలబడి ఉంటుంది. పూర్తి చిరునామా చెప్పకుండా మూడో నంబరు తెరువు అంటే, తను నిలబడ్డ చోట ఉన్న మూడో నంబరే తెరుస్తుంది. జున్రే దగ్గర రెండు ఫోల్డర్లున్నాయి, ఇల్లు ఒకటి, రేవు ఒకటి. రెండింట్లోనూ రికార్డింగులకు అవే నంబర్లు. వాడు రోజూ పొద్దున ముందు రేవు ఫోల్డరులోకి వెళ్లి, అక్కడి నుంచి ప్రోగ్రాంని లేపేవాడు. లేపినవాడు ఎక్కడుంటే లేచింది అక్కడే నిలబడుతుంది. ఇప్పుడు దాన్ని లేపే మనిషి లేడు. దానంతట అది లేచి, ఇల్లు ఫోల్డరులో నిలబడి, మీ వంటింటి మాటలు వినిపిస్తోంది.

ఉన్నచోటు మార్చుకోవడానికి కంప్యూటరుని అడిగే పిలుపు ఒకటుంది. ఆ పిలుపుతో చిన్న ప్రోగ్రాం రాసి, ఫ్లాపీలో పెట్టి పంపుతున్నాను. దానికి దారి అని పేరు పెట్టాను. కరెంటు రాగానే ముందు దారి లేచి రేవులోకి వెళుతుంది, తర్వాత జున్రే ప్రోగ్రాం లేచి పడవల్ని పిలుస్తుంది. కపితాన్‌ని ఎక్కించమనండి. మీటింగు దాకా ఆగనక్కర్లేదు, రేపటికే సరిపోతుంది.

భవదీయుడు,
ప్రిమో దెయోకాంపో

తా.క. మీరు కాఫీ పోసిన కాలు మా మామయ్యది. ఆయనకు కోపం లేదు. కాఫీ బాగుందన్నాడు, రెండో కాలుతో మళ్లీ వస్తానన్నాడు.


సువాల్ రేవు
జూలై 12

తోతో ప్రిమోకి,

నీ ఫ్లాపీ అందింది. కపితాన్ కళ్లజోడు తుడుచుకుని మరీ ఎక్కించాడు. కరెంటు వచ్చింది. తెర మీద "నేను రేవులో ఉన్నాను" అని పడింది. అందరం చప్పట్లు కొట్టాం. మైకులో కోడి కూసింది.

రోజూ మూడో పడవతోనే మైకు కట్టేసేవాళ్లం, ఆ రోజు మరిచిపోయాం. చివరి పడవ వేళకి ఇంకా కష్టం వచ్చింది. నాలుగో నంబరులో వాడు, వచ్చేసరికి ఆలస్యమవుతుంది, గడియ పెట్టకు అని చెప్పాడు. పడవ నడిపేవాడు మంచివాడు. ఎవరో ఆలస్యంగా వస్తానంటున్నారు కదా అని లంగరు తీయకుండా కూర్చున్నాడు. ఎక్కినవాళ్లలో సగం మంది పోనీయమన్నారు, సగం మంది పాపం ఆ పిల్లాణ్ని వదిలేసి పోతామా అన్నారు. వర్షం మొదలయ్యాక ఎవరికో ఆ గొంతు ఎవరిదో గుర్తొచ్చింది. అప్పుడు నడిపేవాడు లంగరు తీశాడు.

మర్నాడు ప్రార్థన గుంపు ఆడవాళ్లు వచ్చి సంగతంతా తేల్చేశారు. జ్వరంలో కూడా పని ఆపక జున్రే ఆ కంప్యూటరుని ఇంటికి తెచ్చుకున్నాడు కదా. శవం ఉన్న ఇంట్లో ఆరు రోజులు ఉందది. ఖననం రోజున కపితాన్ దాన్ని మా ఇంటి నుంచి సరాసరి ఆఫీసుకి పట్టుకుపోయాడు, దారిలో దాన్ని ఎక్కడా దించకుండా. చావింటి నుంచి వచ్చేవాళ్లు మధ్యలో ఎక్కడో ఒకచోట ఆగి దులుపుకోకపోతే పోయినవాడు వెంట వస్తాడని చిన్నపిల్లలకి కూడా తెలుసు. కపితాన్ ఆగాడా అంటే, తను ఆగాడు కానీ కంప్యూటరు బండిలోనే ఉందన్నాడు. అదిగో అక్కడే తప్పు అన్నారు వాళ్లు.

అందుకని నలుగురు మోసుకుంటూ దాన్ని బేకరీకి తీసుకెళ్లారు. కుర్చీ వేసి కూర్చోబెట్టారు. రొట్టె, కాఫీ దాని ముందు పెట్టారు. కాసేపయ్యాక వేరే దారిన ఆఫీసుకి తెచ్చి కరెంటు ఇచ్చారు. తెర మీద రేవులో ఉన్నానని పడింది. మైకులో నానయ్, కాఫీ ఉందా అని వినబడింది. అప్పుడే తాగొచ్చింది కదా అన్నాడు కపితాన్.

మా వైపు నుంచి చేయాల్సిందంతా చేశాం. తప్పు నీ ఫ్లాపీలో ఉంది. చూసుకో.

ఇట్లు,
విసితాసియోన్

తా.క. కంప్యూటరు ముందు పెట్టిన రొట్టె ఎవరు తిన్నారని అడగకు. కపితాన్ మీసాల మీద వెన్న ఉంది.


ఇలోయిలో
జూలై 16

విసితాసియోన్ నానయ్‌కి,

దయచేసి కంప్యూటరుని బేకరీకి తీసుకెళ్లకండి. కీల మధ్య రొట్టె పొడి పడితే చీమలు పడతాయి, చీమలు పడితే నేను పడవెక్కి రావాలి, నాకు పడవ పడదు.

నా ఫ్లాపీలో తప్పు లేదు. మీరే రాశారు కదా, తెర మీద రేవులో ఉన్నానని పడిందని. ఉంటేనే ఆ మాట పడేటట్టు రాశాను. ప్రోగ్రాం అబద్ధం ఆడదు. అంటే దారి రేవుకి చేరింది. చేరాక కూడా వంటింటి మాటలు వస్తున్నాయంటే, చేరినదాన్ని ఎవరో వెనక్కి ఇంటికి తిప్పుతున్నారు. ఇది అడగడానికి నాకు మనసు రావడం లేదు. కానీ అడగక తప్పదు. మీ అబ్బాయి ఇంటి మాటలు వినాలని మీరే అలా చేస్తున్నారా? చేస్తే తప్పుపట్టను. మా అమ్మయినా అదే చేసేది. కానీ ఇలా అయితే మీటింగులో ఓడిపోతాం.

ఇంకో ఫ్లాపీ పంపుతున్నాను. ఇందులో దారి ఒకసారి కాదు, మూడుసార్లు రేవుకి వెళుతుంది. వెళ్లిన ప్రతిసారీ తెర మీద చెబుతుంది. ఇక తప్పడానికి వీల్లేదు.

భవదీయుడు,
ప్రిమో

తా.క. మామయ్య రెండో కాలుతో వచ్చి తాగి వెళ్లాడట. ఈసారి కాలు బల్ల కింద దాచుకున్నానని చెప్పమన్నాడు.


సువాల్ రేవు
జూలై 19

ఇంజనీర్ ప్రిమోకి,

ఈ ఉత్తరానికి తోతో అని రాయలేదు చూశావా. కోపం వచ్చింది కనుక.

నేను ఆ కంప్యూటరుని ముట్టుకోలేదు. దాని మీద దుమ్ము కూడా కపితానే తుడుస్తాడు. నా కొడుకు గొంతు వినాలని నాకు లేదని అనను. కానీ వాడి పనిని నేను చెడగొడతానా? వాడు రోజూ నాలుగింటికి లేచి పోయేది పడవల్ని పిలవడానికి, నన్ను పిలవడానికి కాదు.

నీ రెండో ఫ్లాపీ ఎక్కించాం. నేను నిలబడి చూశాను, చేతులు వెనక్కి కట్టుకుని. రేవులో ఉన్నాను, రేవులో ఉన్నాను, రేవులో ఉన్నాను అని మూడుసార్లు పడింది. తర్వాత మైకులో చేప తల. ఆ మూడు మాటలు చూస్తుంటే నాకు మా పాసింగ్ గుర్తొచ్చింది. అది కూడా ఇలాగే మూడుసార్లు చెప్పింది.

అదేమిటో చెబుతాను, నిదానంగా చదువు. ఖననం రోజున అందరూ బేకరీ దగ్గర ఆగారు. నేను ఆగలేదు. కాళ్లు ఇంటి వైపే పోయాయి. అప్పుడు పాసింగ్, "నువ్వు పద మానాంగ్, నీ బదులు కూడా నేనే ఆగుతాను" అంది. రెండు రొట్టెలు తింది, తనదొకటి, నాదొకటి. ఇంటికి వచ్చాక నీ బదులు ఆగాను, నీ బదులు తిన్నాను, ఇక నీకు భయం లేదు అని చెప్పింది. అది అబద్ధం ఆడలేదు. నిజంగానే ఆగింది, నిజంగానే తింది. సాయంత్రం ముసలమ్మలు విని నవ్వారు. ఒకరి బదులు ఇంకొకరు ఆగితే చెల్లదు, ఎవరి కాళ్లు వాళ్లే ఆపుకోవాలి అన్నారు. పాసింగ్ రొట్టె తిన్నందుకు పాసింగ్ కడుపు నిండింది, అంతే.

నీ దారి కూడా పాసింగే. నువ్వు పంపావు, అది రేవుకి పోయింది, చేరానని చెప్పింది, పని అయిపోయిందని పడుకుంది. అది ముప్పైసార్లు పోనీ. పడవల్ని పిలవాల్సినవాడు వంటింట్లోంచి అడుగు తీసి అడుగు వేయలేదు. ఎవరో తన బదులు రేవుకి వెళ్లొచ్చారని వాడికి తెలియను కూడా తెలియదు. దారిని అవతల పెట్టు. జున్రే ప్రోగ్రాం చేతే అడుగు వేయించు.

నీ కంప్యూటర్లో అలా కుదరదంటే చెప్పు. కుదురుతుందనే నా నమ్మకం.

ఇట్లు,
విసితాసియోన్

తా.క. మూడో తరగతిలో జున్రే ఒకరోజు తన బదులు పక్కింటి పిల్లాణ్ని బడికి పంపాడు. వాడికి జున్రే పేరు మీద లెక్కల్లో నూటికి నూరు వచ్చాయి. అందుకే పట్టుబడ్డాడు.


ఇలోయిలో
జూలై 22

నానయ్‌కి,

మీ ఉత్తరం చదివి కుర్చీలోంచి లేచాను, మళ్లీ కూర్చున్నాను. ముందు క్షమించమని అడుగుతున్నాను. మిమ్మల్ని అనుమానించాను. తప్పు మొదటి నుంచీ నాదే.

మీరు చెప్పింది అక్షరాలా నిజం. ఉన్నచోటు మార్చే ఆ పిలుపు, పిలిచినవాడి ఒక్కడి చోటే మారుస్తుంది. ఇంకొకరి కాళ్లని కదపడానికి కంప్యూటర్లో ఎవరికీ హక్కు లేదు. ఒక ప్రోగ్రాం ఇంకొకదాన్ని పుట్టిస్తే, పుట్టింది మొదట పుట్టించినదాని చోటులోనే కళ్లు తెరుస్తుంది. తర్వాత అది ఎంత దూరం పోయినా, పుట్టించింది మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది. ఈ సూత్రం మాకు మొదటి సంవత్సరంలోనే చెప్పారు. పరీక్షలో రాశాను కూడా. అయినా రెండు ఫ్లాపీలు పాడుచేశాను.

ఇప్పుడు చేయాల్సింది ఒక్కటే. జున్రే రాసిన ప్రోగ్రాంలోనే, అన్నిటికన్నా ముందు ఒక వరుస చేర్చాలి. లేవగానే తనంతట తనే రేవు ఫోల్డరులోకి వెళ్లే పిలుపు అది. దారి మూసి ఉండి వెళ్లలేకపోతే, తప్పు చోట నిలబడి మాట్లాడకుండా నోరు మూసుకునేటట్టు కూడా రాస్తాను. కానీ వాడి రాతలో నా రాత కలుస్తుంది. మీరు సరేనంటేనే ఎక్కించమని కపితాన్‌కి చెప్పాను. కొత్త ఫ్లాపీ ఈ ఉత్తరంతోనే ఉంది.

ఇంకొక మాట. ఇక ఇల్లు ఫోల్డరుతో పని ఉండదు. అందులో పదిహేడు రికార్డింగులున్నాయి. చోటు చాలడం లేదు, చెరిపేయమని కపితాన్ అంటున్నాడు. చెరిపేయనా?

మీ తోతో (మళ్లీ అలా పిలవాలని నా ఆశ),
ప్రిమో

తా.క. మా దుకాణంలో కాలేజీలో నాలుగేళ్లు చదువుకున్నవాళ్లం ముగ్గురం ఉన్నాం. ఒక్కడికీ తట్టలేదు. మీ ఉత్తరం గట్టిగా చదివి వినిపించాను. ఇప్పుడు ఎవరు ఈ తప్పు చేసినా, పాసింగ్ రొట్టె తిన్నదిరా అంటున్నాం.


సువాల్ రేవు
జూలై 28

తోతో ప్రిమోకి,

నిన్న మీటింగు అయింది. ముందు మంచి సంగతి రాస్తాను.

ఒక్క వరుసే కదా, సరేనన్నాను. నేను కుట్టిన చొక్కాలకి కూడా వాడు ఊళ్లో ఎవరితోనో బొత్తాలు కుట్టించుకునేవాడు. కపితాన్ ఎక్కించాడు. తెర మీద ఏమీ పడలేదు. రేవులో ఉన్నానని గొప్పలు చెప్పుకోలేదు. మొదటి పడవ వేళకి మైకు గురగురమంది. ఒకటో నంబరు పడవ వాళ్లు రండి, పిల్లల చేతులు వదలకండి అన్నాడు నా కొడుకు. జనం లేచి పడవ వైపు నడిచారు. నా దుకాణానికి ఎవరూ రాలేదు. నేను కాఫీ పోసుకుని, నేనే తాగాను.

మీటింగులో చేతులెత్తమన్నారు. గొంతు ఉండాలని పంతొమ్మిది చేతులు లేచాయి. మనీలా ఆడమనిషికి రెండే. అందులో ఒకటి కపితాన్‌ది, ఆయన మీసం గోక్కుంటున్నానన్నాడు. అయితే ఒక గొడవ వచ్చింది. నేను అరిచినప్పుడు మూడో పడవ చకచకా నిండేదట, ఇప్పుడు జనం తీరిగ్గా ఎక్కుతున్నారట. ముసలామెను మూడో నంబరుకి ఉంచమని పడవవాళ్లు అడిగారు. నేను లేచి, పడవల్ని పిలవడం వాడి పని, అందులో నేను వేలు పెట్టను, నేను కావాల్సినవాళ్లు దుకాణానికి రండి, ఊరికే తిడతాను అని చెప్పి కూర్చున్నాను.

ఇక నువ్వు రాసిన సూత్రం. పుట్టింది ఎంత దూరం పోయినా పుట్టించింది ఉన్నచోటే ఉండిపోతుందని. దాన్ని మళ్లీ మళ్లీ చదివాను. దానికి కాలేజీ ఎందుకు తోతో? బిడ్డల్ని కన్న ఎవరిని అడిగినా చెబుతారు.

నీకు ఒక నిజం చెప్పాలి. ఖననం రోజున కాళ్లు వాటంతట అవే ఇంటి వైపు పోయాయని రాశాను. అది నిజం కాదు. నేనే పోనిచ్చాను. పాసింగ్ తిన్నది చెల్లదని ముసలమ్మలు చెప్పి, ఇప్పుడైనా పోయి ఎక్కడైనా ఆగి రా అన్నారు. గొడుగు తీసుకుని బయలుదేరాను. ఇంటి చుట్టూ ఒక తిరుగు తిరిగి, ఆగొచ్చానని చెప్పాను. ఎక్కడా ఆగలేదు. ఆగితే వాడు దారి తప్పుతాడని. వెంట వస్తే రానీ అనుకున్నాను. అందరూ దేనికి భయపడతారో, నాకు అదే కావాలి.

నలభై రోజులు చూశాను. పెరటి తలుపు దగ్గర అన్నం పెట్టాను. వాడు ఇంటికి రాలేదు. రేవుకి పోయి, వచ్చేపోయే వాళ్లందరి ముందు కాఫీ ఉందా అని అడిగాడు. వాడి పద్ధతే అంత, ఇంట్లో ఉన్నప్పుడు కూడా ఇంటి మాట వీధిలో మాట్లాడేవాడు. ఇప్పుడు వాణ్ని రేవులో వాడి పనిలో పెట్టాను. నువ్వూ నేనూ కలిసి పెట్టాం. ఆ గొంతు అక్కడే ఉండనీ.

ఆ పదిహేడు చెరపకు. రేవుకి అవి అక్కర్లేదు, నాకు కావాలి. మా ఇంట్లో క్యాసెట్టు వేసే పెట్టె ఉంది. అన్నీ క్యాసెట్టులోకి ఎక్కించు. ఇంకో మనిషి చేత పంపకు, కపితాన్ చేతికి ఇవ్వకు. నువ్వే పట్టుకుని రా. పడవ పడదన్నావు, అల్లం ముక్క నమలు.

ఇట్లు,
నీ నానయ్
విసితాసియోన్

తా.క. రేవులో దిగాక ఎక్కడా ఆగకు. కపితాన్ పిలిచినా ఆగకు, బేకరీ వాసన వచ్చినా ఆగకు. ఆ రోజు నా దుకాణం కూడా మూసే ఉంటుంది, అక్కడ కూర్చుందామని చూడకు. క్యాసెట్టు చేతిలో పట్టుకుని సరాసరి మా ఇంటికి నడిచి రా.